కాలేజీలో చేరే వికలాంగ విద్యార్థికి: ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏ కాగితం పెట్టాలి

స్కూల్లో క్లాసు టీచరుకు పిల్లవాడి సంగతి తెలుసు. ముందు బెంచీలో కూర్చోబెడతారు, రాయలేకపోతే కాస్త ఆగుతారు. కాలేజీలో ఎగ్జామ్ బ్రాంచికి విద్యార్థి అంటే ఒక హాల్ టికెట్ నంబరు. అందుకే చట్టం ఇచ్చిన సౌకర్యాలు కూడా అడిగితే తప్ప రావు. నోటిమాటగా అడిగినవి సెమిస్టర్ మధ్యలో మాయమవుతాయి. తేదీ వేసి రాతపూర్వకంగా, ఫలానాది కావాలని అడిగినవే పరీక్ష రోజు దాకా నిలుస్తాయి. కింద చెప్పేవన్నీ డిగ్రీ, బీటెక్, డిప్లొమా, పీజీ చదివే తెలుగు రాష్ట్రాల విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఒక చిన్న సంగతి ముందే చెప్పాలి. కేంద్రం కాగితాల్లో దివ్యాంగులు అని, ఆంధ్రప్రదేశ్ కాగితాల్లో విభిన్న ప్రతిభావంతులు అని, తెలంగాణలో చాలాచోట్ల వికలాంగులు అని, కౌన్సెలింగ్‌లో పీహెచ్ అని రాస్తారు. పథకం కోసం వెతికేటప్పుడు ఒక్క పేరుతో ఆగిపోతే సగం దొరకవు.

సర్టిఫికెట్ దగ్గరే చిక్కులన్నీ

సదరం సర్టిఫికెట్ (రాష్ట్ర మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య పత్రం), యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) రెండూ చేతిలో ఉంచుకోండి. యూడీఐడీకి దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్లో చేయాలి. కార్డు రంగు శాతాన్ని చెబుతుంది: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. సీటు రిజర్వేషన్‌కూ స్కాలర్‌షిప్‌కూ 40 శాతం కావాలి.

దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో అది చివరికి పోతుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క ఇనీషియల్ మిగులుతుంది, సదరంలో అసలు ఇంటిపేరే ఉండదు. మనిషికి ఇవన్నీ ఒకటే, పోర్టల్‌కు మాత్రం నలుగురు వేర్వేరు మనుషులు. టెన్త్ మెమోలో ఉన్న పేరును ఆధారంగా పెట్టుకుని మొదట ఆధార్, తర్వాత యూడీఐడీ, చివర బ్యాంకు ఖాతా సరిచేయించుకోండి. ఈ వరుస తప్పితే ఒకే దిద్దుబాటు రెండుసార్లు చేయించుకోవాల్సి వస్తుంది. ఇంటర్ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టడం మంచిది.

సర్టిఫికెట్ మీద ‘తాత్కాలికం’ అని ఉంటే గడువు తేదీ చూడండి. కౌన్సెలింగ్ నాటికి గడువు దాటిపోతే ఆ ఏడాది పీహెచ్ సీటు పోయినట్టే. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటి అభ్యసన వైకల్యాలకు ఇచ్చే సర్టిఫికెట్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 14 ఏళ్లప్పుడూ 18 ఏళ్లప్పుడూ మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. 18 దగ్గర ఇచ్చేదే శాశ్వతంగా చెల్లుతుంది. స్కూల్లో తీసుకున్న కాగితంతోనే బీటెక్ నాలుగేళ్లూ గడిచిపోతాయనుకోవద్దు. ఈ పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ లాంటి చోట అడగవచ్చు. వినికిడికి సర్టిఫికెట్ కావాలంటే ఆడియోగ్రామ్, అవసరమైతే బెరా (వినికిడి నరం స్పందనను చూసే) పరీక్ష రిపోర్టు ముందే దగ్గర పెట్టుకుని సదరం శిబిరానికి వెళ్లండి. ఖాళీ చేతులతో వెళితే ఇంకో స్లాట్ కోసం ఎదురుచూడాలి.

40 శాతం రాకపోతే ఏమీ దక్కదన్నది అపోహ. వికలాంగుల హక్కుల చట్టం 2016లో ‘సహేతుక సదుపాయం’ (ఎవరి అవసరానికి తగ్గ ఏర్పాటు వారికి చేయడం) అనే హక్కుకూ ఆ 40 శాతానికీ ముడి లేదు. వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను, అంటే చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని, నిరాకరించకూడదు. ఆ తీర్పు తర్వాతే 40 శాతం లోపు వారికీ కేంద్రం 2022 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది.

సీటు తీసుకునే ముందు

అదే చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు ఉన్నాయి. ఈఏపీసెట్ లాంటి కౌన్సెలింగ్‌లో పీహెచ్ వారి సర్టిఫికెట్ల పరిశీలనకు విడిగా తేదీలు ఇస్తారు. మామూలు హెల్ప్‌లైన్ కేంద్రంలో పరిశీలన అయిపోయిందని ఇంటికి వచ్చేసి, ఆ తేదీ పోగొట్టుకుంటున్న వాళ్లు ఉన్నారు. నోటిఫికేషన్ వచ్చిన రోజే ‘స్పెషల్ కేటగిరీ’ షెడ్యూల్ కోసం చూసి తేదీ రాసిపెట్టుకోండి.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి వెళ్లి మీరే తిరిగి చూడండి. గేటు నుంచి క్లాసు, క్లాసు నుంచి ల్యాబు, ల్యాబు నుంచి టాయిలెట్, అక్కడి నుంచి లైబ్రరీ, చివర పరీక్ష హాలు. లిఫ్ట్ ఉందని చూపిస్తే ఎక్కి చూడండి. తాళం వేసి ఉంటే తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.

ఇంకో ఉపాయం: న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలేజీలు తమ స్వీయ అధ్యయన నివేదికను వెబ్‌సైట్లో పెడతాయి. ఏడో క్రైటీరియన్‌లో వికలాంగులకు ఏమేం ఉన్నాయో, ర్యాంపు, టాయిలెట్, స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్), స్క్రైబ్ సహా, కాలేజీయే రాసి ఉంటుంది. ఆ పేజీని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. ‘మా దగ్గర అలాంటివి లేవు’ అన్న మాటకు ఆ పేజీయే జవాబు చెబుతుంది.

మొదటి వారంలో ఇచ్చే ఉత్తరం

క్లాసులు మొదలైన వారంలోపు ప్రిన్సిపల్ పేరిట ఒక ఉత్తరం, దాని నకళ్లు హెచ్‌ఓడీకి, ఎగ్జామ్ బ్రాంచికి, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ (సమాన అవకాశాల విభాగం) ఉంటే దానికి ఇవ్వండి. తపాలు సెక్షన్లో ఇచ్చి మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవడం మరవొద్దు. ఆ ముద్ర లేని ఉత్తరాన్ని ఇచ్చారని తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

‘దయచేసి సహాయం చేయగలరు’ అని రాస్తే చేయడానికి అక్కడ ఏమీ ఉండదు. ఇలా రాయండి:

‘నేను బీఏ మొదటి సంవత్సరం విద్యార్థిని. నాకు 75 శాతం దృష్టి లోపం ఉంది (యూడీఐడీ నకలు జతచేశాను). వికలాంగుల హక్కుల చట్టం 2016, 16, 17 సెక్షన్ల ప్రకారం నాకు కిందివి కావాలి. 1) నోట్సు, స్లైడ్లు క్లాసుకు ముందు రోజు వర్డ్ ఫైలుగా. 2) ఇంటర్నల్, సెమిస్టర్ పరీక్షలన్నిటికీ స్క్రైబ్, గంటకు 20 నిమిషాల అదనపు సమయం. 3) పరీక్షకు గ్రౌండ్ ఫ్లోర్‌లో విడి గది. 4) బోర్డు మీద రాసినదాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి అనుమతి. దయచేసి 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

నాలుగైదు అంశాలకు మించనీయొద్దు. జబ్బు చరిత్ర మొత్తం రాయనక్కర్లేదు. మీకు ఏం ఇబ్బందో కాదు, ఏం ఏర్పాటు కావాలో చదివేవారికి తెలిస్తే చాలు.

పరీక్ష: స్క్రైబ్, సమయం

నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త నిలుద్దాం.

సమయం లెక్క సులువు. కేంద్రం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు, రెండు గంటలదానికి 40, గంటన్నర ఇంటర్నల్‌కు 30. స్క్రైబ్‌కు అర్హత ఉండి, స్క్రైబ్ వద్దనుకుని సొంతంగా రాసుకునేవారికీ ఈ సమయం వస్తుంది. నీట్ పరీక్షలో డిస్‌గ్రాఫియా ఉన్న విద్యార్థినికి ఈ సమయం ఇవ్వకపోవడాన్ని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది.

కాగితం మీద ఉన్నా హాల్లో ఎందుకు పోతుంది? మూడు గంటలు అవగానే గంట కొడతారు, ఇన్విజిలేటర్ జవాబు పత్రాలు తీసుకుని కట్ట కట్టాలి. మీ ఒక్క పత్రం కోసం ఆగాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే అనుమతి పత్రంలో ‘అదనపు సమయం ఇవ్వవచ్చు’ అని కాకుండా ‘ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు’ అని గడియారం లెక్కలో రాయించుకోండి. ఆ పత్రం ఒకటి చీఫ్ సూపరింటెండెంట్‌కు, ఒకటి గదిలో ఇన్విజిలేటర్‌కు, ఒకటి మీ చేతిలో ఉండాలి. సెంటర్ వేరే కాలేజీలో పడితే పరీక్షకు రెండు రోజుల ముందు అక్కడికి వెళ్లి, పత్రం అందిందో లేదో కళ్లారా చూసి రండి.

స్క్రైబ్ అర్హతకు వద్దాం. కాలేజీయే ఏర్పాటు చేయాలని అడగవచ్చు, సొంతంగానైనా తెచ్చుకోవచ్చు. సొంతంగా తెచ్చుకుంటే అతని చదువు మీకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. కొన్ని పరీక్షలు ఇంకా ఎక్కువ తేడా అడుగుతున్నాయి. డిగ్రీ పరీక్షకు ఇంటర్ విద్యార్థిని ఎంచుకుంటే ఎక్కువ చోట్ల పేచీ రాదు. అదే క్లాసు స్నేహితుడిని, అదే బ్రాంచి సీనియర్‌ను తీసుకెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఈ నియమాలు మారుతూ ఉంటాయి గనుక మీ యూనివర్సిటీ ఆ సెమిస్టర్‌కు ఇచ్చిన సూచనలే చివరి మాట.

కావాల్సిన కాగితాలు ఇవి: స్క్రైబ్ ఆధార్, చదువుతున్న కాలేజీ బోనఫైడ్, ఫొటోలు, మీరిద్దరూ సంతకం చేసిన హామీపత్రం, మీ యూడీఐడీ. చూపు లేనివారు, రెండు చేతులూ దెబ్బతిన్నవారు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు అడిగితే చాలు. మిగతావారు ‘రాయడంలో శారీరక పరిమితి ఉంది’ అని ప్రభుత్వాసుపత్రి సివిల్ సర్జన్ లేదా సూపరింటెండెంట్ ఇచ్చే పత్రం జతచేయాలి. ఈ పత్రానికి నిర్ణీత నమూనా ఉంది. డాక్టరు లెటర్‌హెడ్ మీద రాసిచ్చినది చెల్లలేదంటే ఆశ్చర్యపోవద్దు. నమూనా ప్రింట్ తీసుకునే ఆసుపత్రికి వెళ్లండి. పరీక్షకు నెల రోజుల ముందు ఈ పని పూర్తవ్వాలి.

స్క్రైబ్ కోసం మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరును అడగండి, దగ్గర్లోని జూనియర్ కాలేజీకి వెళ్లి అడగండి. ఎప్పుడూ ఇద్దరిని సిద్ధంగా పెట్టుకోండి, ఇద్దరి కాగితాలూ ముందే సమర్పించండి. పరీక్ష రోజు పొద్దున మొదటి వ్యక్తికి జ్వరం వస్తే, కాగితాలు లేని రెండో మనిషి ఎంత మంచివాడైనా పనికిరాడు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో స్క్రైబ్‌ను మార్చుకునే వీలు ఉంది. తెలుగు పేపరుకు తెలుగు తప్పుల్లేకుండా రాసేవారిని, ఇంగ్లిష్ పేపరుకు స్పెల్లింగ్ వచ్చినవారిని పెట్టుకోండి.

ఒక్కసారి కూడా కలిసి సాధన చేయకుండా పరీక్షకు వెళ్లొద్దు. స్క్రైబ్‌తో కనీసం రెండు పాత పేపర్లు పూర్తిగా రాయించి చూడండి. చెప్పే పద్ధతి ఇలా ఉంటే తప్పులు తగ్గుతాయి: ముందు ప్రశ్న నంబరు, తర్వాత ‘కొత్త పేరా’, తర్వాత ఎనిమిది పది మాటల వాక్యం, ఆగడం, స్క్రైబ్ ‘ఊఁ’ అన్నాక తర్వాతి వాక్యం. కామా, ఫుల్‌స్టాప్, అండర్‌లైన్ నోటితో చెప్పాలి. సమీకరణాల్లో ‘బ్రాకెట్ మొదలు’, ‘బ్రాకెట్ ముగింపు’, ‘మొత్తం మీద రూట్’ అని స్పష్టంగా చెప్పకపోతే భిన్నంలో ఏది పైనో ఏది కిందో తారుమారవుతుంది. ప్రతి జవాబుకూ చివరి రెండు వాక్యాలు తిరిగి చదివించుకోండి. అన్నీ చదివించుకుంటే సమయం చాలదు.

బ్రెయిలీలో, పెద్ద అక్షరాల పేపరుతో, కంప్యూటర్ మీద రాసే ఎంపిక కూడా 2018 మార్గదర్శకాల్లో ఉంది. కంప్యూటర్ అడిగితే ఒక రోజు ముందు దాన్ని పరీక్షించుకునే హక్కు ఉంది. తప్పక వాడుకోండి. హెడ్‌ఫోన్ పనిచేయకపోవడం, స్క్రీన్ రీడర్ లేకపోవడం, తెలుగు కీబోర్డు లేఅవుట్ వేరేది ఉండటం, ఇవన్నీ ముందు రోజు తెలిస్తే సరిచేయవచ్చు. అబాకస్, టేలర్ ఫ్రేమ్ (చూపు లేనివారు లెక్కలు చేసుకునే పలక), కాలిక్యులేటర్‌ను అనుమతించే పరీక్షల్లో మాట్లాడే కాలిక్యులేటర్ లోపలికి తీసుకెళ్లవచ్చు. వాటి పేర్లు అనుమతి పత్రంలో రాయించుకోండి.

ఇంటర్నల్ పరీక్షలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. స్క్రైబ్ లేకుండా ఏదో రాసి వచ్చేస్తారు. ఆ మార్కులూ మెమోలోకే వెళతాయి. మొదటి మిడ్ నుంచే అడగండి. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు కావాలన్నా 17వ సెక్షన్‌లో దానికి చోటుంది. సెమిస్టర్ మొదట్లోనే అడగాలి.

చూపు లేనివారికి పుస్తకాలు

విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగూ చదువుతుంది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. అసలు ఇబ్బంది ఫైళ్లతో. లెక్చరర్ ఇచ్చే తెలుగు నోట్సు అను ఫాంట్లలో టైప్ చేసినదైతే, కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ అర్థంలేని శబ్దాలు చేస్తుంది. అప్పుడు రెండు దారులు. వర్డ్ ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. పీడీఎఫ్ మాత్రమే ఉంటే దాన్ని బొమ్మగా భావించి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టైప్ చేసిన రూపంలోకి మార్చడం) చేయాలి. పేజీలను జేపీజీగా సేవ్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు వస్తాయి. చిన్న చిన్న భాగాలుగా చేయండి. ఒత్తులు, ‘మ’ ‘య’, ‘వ’ ‘ప’ తారుమారవుతుంటాయి. చూపున్న స్నేహితుడు ఒకసారి సరిచూస్తే మంచిది. ఫొటో తీసిన జిరాక్స్ పేజీ వంకరగా, నీడతో ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. పగటి వెలుతురులో నిలువుగా తీయాలి.

లెక్కలూ సైన్సూ చదివేవారు ఎన్‌వీడీఏకి సమీకరణాలను చదివి వినిపించే మ్యాథ్‌క్యాట్ యాడ్ఆన్ వేసుకోండి. కానీ సమీకరణం బొమ్మగా అతికించి ఉంటే అది కూడా చదవలేదు. సమీకరణాలను టైప్ చేసి ఇవ్వమని లెక్చరర్‌ను మొదటి వారంలోనే అడగాలి.

సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది, సభ్యత్వం తీసుకుని పుస్తకాలు దించుకోవచ్చు. పుస్తకాన్ని స్కాన్ చేసి చదవగలిగే రూపంలోకి మార్చుకోవడం కాపీరైట్ ఉల్లంఘన అని లైబ్రరీలో ఎవరైనా అడ్డుపడితే, 2012 సవరణతో చేరిన 52(1)(జెడ్‌బీ) సెక్షన్ చూపించండి. వికలాంగుల సొంత చదువుకు అది అనుమతిస్తుంది.

వినికిడి లోపం ఉన్నవారికి

లెక్చరర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదాలు కనిపించవు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం చీకటిగా ఉంటుంది. ఈ రెండూ ఆయనకు తెలియకనే జరుగుతాయి, చెబితే మార్చుకుంటారు. ముందు వరుసలో, వెలుతురు లెక్చరర్ ముఖం మీద పడేలా చోటు చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగును కూడా అక్షరాలుగా చూపిస్తుంది. కానీ ఫ్యాన్ల శబ్దంలో, తెలుగూ ఇంగ్లిష్ కలిపి మాట్లాడినప్పుడు తడబడుతుంది. కాలర్‌కు పెట్టుకునే మైకు ఒకటి లెక్చరర్‌కు ఇస్తే చాలా తేడా కనిపిస్తుంది. వైవాలో ప్రశ్నలను రాసి ఇవ్వమని అడగండి. సైగ భాషలో సాంకేతిక పదాలకు భారత సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువు పెట్టింది.

అటెండెన్స్

తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి. రక్తం ఎక్కించుకునే రోజులు ముందే తెలుస్తాయి కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే ఆసుపత్రి ఇచ్చిన షెడ్యూలు హెచ్‌ఓడీకి ఇవ్వండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో 75 శాతం హాజరు కావాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాల మీద కాండొనేషన్ (హాజరు లోటును మన్నించడం) ఉంది. సెమిస్టర్ చివర ఒక్కసారే మెడికల్ సర్టిఫికెట్ల కట్ట ఇస్తే అనుమానంగా చూస్తారు. ప్రతి గైర్హాజరుకూ ఆ వారంలోనే కాగితం ఇవ్వండి.

మెట్లు, తలుపులు

ర్యాంపు 1:12 వాలులో ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉంటే 45 సెంటీమీటర్ల ఎత్తు, దానికి 5.4 మీటర్ల ర్యాంపు. మూడు మెట్ల మీద రెండు మీటర్ల పలక వాల్చి ర్యాంపు అంటే, చక్రాల కుర్చీ వెనక్కి బోల్తా పడుతుంది. తలుపు 90 సెంటీమీటర్ల ఖాళీ ఇవ్వాలి. టాయిలెట్ లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల జాగా ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి, పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. టేపు పెట్టి కొలిచి, ఫొటో తీసి ఉత్తరానికి జతచేయండి. టాయిలెట్ సరిగా లేక రోజంతా నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలు ఉన్నారు. అది మూత్రపిండాల దాకా పోయే సమస్య, సిగ్గుపడి ఊరుకోవద్దు.

కట్టడం మారేదాకా చదువు ఆగదు కదా. లిఫ్ట్ అడుగుతూనే, మీ సెక్షన్ క్లాసులన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చమని అడగండి. దానికి టైమ్‌టేబుల్ మారిస్తే చాలు, కాలేజీకి ఒక్క రూపాయి ఖర్చు కాదు. హాస్టల్లోనూ కింది అంతస్తు, కమోడ్ ఉన్న టాయిలెట్, మెస్‌కు దగ్గరి గది అడగండి.

డబ్బు

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేయాలి. వికలాంగుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యామండలి) గుర్తింపు ఉన్న సాంకేతిక డిగ్రీ, డిప్లొమా చదివేవారికి ‘సక్షమ్’ స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది, ఆదాయ పరిమితి 8 లక్షలు. మొదటి ఏడాదిలోనే, లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాదిలో చేరగానే దరఖాస్తు పెట్టాలి. ఇవికాక రాష్ట్రాల స్కాలర్‌షిప్ పోర్టళ్లు, తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ఉన్నాయి. ఒకే చదువుకు రెండు స్కాలర్‌షిప్‌లు సాధారణంగా కుదరవు. ఏది ఎక్కువ వస్తుందో లెక్క చూసుకుని పెట్టండి.

దరఖాస్తు పెట్టగానే పని అయిపోదు. కాలేజీ నోడల్ ఆఫీసరు వెరిఫై చేయకపోతే అది అక్కడే నిలిచిపోతుంది. వారానికోసారి స్టేటస్ చూడండి. ‘డిఫెక్టివ్’ అని వస్తే గడువులోగా సరిచేసి మళ్లీ పంపే వీలుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన డబ్బు పడదు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (మీ ఆధార్‌కు వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే అనుసంధానం) ఆ ఖాతాకే ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ల్యాప్‌టాప్, మోటారు మూడు చక్రాల బండి లాంటివాటికి తెలంగాణలో వికలాంగుల సహకార సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సహాయ సంస్థ నోటిఫికేషన్లు ఇస్తాయి. గడువు తక్కువ ఉంటుంది, బోనఫైడ్, ఆదాయ పత్రం తయారుగా ఉంచుకోవాలి.

వినకపోతే

15 రోజులు చూసి, ఇన్‌వర్డ్ నంబరు ఉటంకిస్తూ రెండో ఉత్తరం ఇవ్వండి. అప్పటికీ జవాబు లేకపోతే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఉండాల్సిన విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి, ఆ పైన యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) వెళ్లవచ్చు. ప్రభుత్వ కాలేజీ అయితే, మీ ఉత్తరం మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద 10 రూపాయలతో అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. చాలాసార్లు ఆ దరఖాస్తు చేరగానే ఫైలు కదులుతుంది.

రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు, వకీలు అక్కర్లేదు. ఒక పేజీలో ఏ తేదీన ఏం అడిగారో, ఏం జవాబు వచ్చిందో వరుసగా రాయండి. యూడీఐడీ నకలు, ముద్ర ఉన్న రెండు ఉత్తరాలు, ఫొటోలు, న్యాక్ నివేదికలోని ఆ పేజీ జతచేయండి. పరీక్ష దగ్గర్లో ఉంటే ఆ తేదీని మొదటి వాక్యంలోనే రాసి, పరీక్షలోపు మధ్యంతర ఆదేశం కావాలని విడిగా అడగండి. ఆ వాక్యం లేని ఫిర్యాదు మామూలు వరుసలో పడి, విచారణకు వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది.